నిద్ర పట్టలేదా, నిద్ర అక్కర్లేకపోయిందా: ఒక రొయ్యల రైతు కేసు

ఈ కేసులో పెద్ద తప్పు నాదే. అందుకే రాస్తున్నాను. నెల్లూరులో చాలా ఏళ్లుగా సైకియాట్రీ ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి. డిప్రెషన్‌తో వచ్చిన మనిషిని "ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా" అని అడిగాను. "ఎప్పుడైనా దీనికి పూర్తిగా వ్యతిరేకంగా అయిందా" అని మాత్రం సరిగ్గా అడగలేదు. అడిగానని కేస్ షీట్‌లో రాసుకున్నాను, అది వేరే సంగతి. ఆ లోటు కారణంగా ఒక పంట పోయింది, అప్పు మీద అప్పు పడింది, ఆ మనిషి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

పేరు, వయసు, ఊరు, ఎకరాలు, ఇంట్లో కొన్ని వివరాలు మార్చాను. అతన్ని ఇక్కడ శీను అంటాను. శీనూ, అతని భార్యా ఇద్దరూ ఇది చదివారు. ఒకటి రెండు చోట్ల "ఇది వద్దు సార్" అన్నారు, తీసేశాను.

నేపథ్యం

శీనుకి ముప్పై అయిదు లోపే. సముద్రానికి దగ్గర్లో, బకింగ్‌హాం కాలువ పక్కన ఊరు. నాయన తొంభైల్లో టైగర్ రొయ్య వేసి బాగా సంపాదించి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు అంతా పోగొట్టుకున్నాడు. వనామీ రకం రొయ్య వచ్చాక కొడుకు మళ్లీ గుంటల్లోకి దిగాడు. సొంతం కొంత, లీజు కొంత. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఇద్దరు పిల్లలు. భార్య పదో తరగతి దాకా చదివింది, ఫీడు లెక్కలన్నీ ఆమే రాస్తుంది. ఈ కేసులో నాకంటే తెలివిగా పనిచేసిన మనిషి ఆమె.

రొయ్యల కల్చర్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. వంద, నూట ఇరవై రోజుల్లో లక్షలు వచ్చే పంట, ఒక్క రాత్రిలో లక్షలు పోయే పంట. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసే లోపలే రొయ్య పైకి తేలుతుంది. అందుకే గుంటలున్న ఇంట్లో మగవాళ్లు రాత్రిళ్లు గట్ల మీదే ఉంటారు. అప్పు చెయ్యడం, పెద్ద పెద్ద అంకెలు మాట్లాడడం, ఒక పంటకి కారు కొని మరుసటి పంటకి అమ్ముకోవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. మానియా, అంటే డిప్రెషన్‌కి తిరగేసిన అతి ఉద్రేకం, దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు

వినాయక చవితి వెళ్లిన వారం. తండ్రి, భార్య పట్టుకొచ్చారు. మొదటి నెలంతా అది గ్యాస్ ట్రబుల్ అనుకున్నారట. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్లు, బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు అయ్యాయి. తర్వాత కడుపు స్కానింగ్, గుండె దడ అని ఈసీజీ. ఒక ఫిజీషియన్ నిద్ర బిళ్ల రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎవరినీ తప్పు పట్టను. మన దగ్గర దిగులు కడుపులోంచో తల బరువులోంచో మాట్లాడుతుంది గానీ, నాకు దిగులుగా ఉందని చెప్పుకుంటూ రాదు.

కుర్చీలో కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య చాలా సేపు పట్టేది. ఏడు కిలోలు తగ్గాడు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, అప్పటినుంచి పొద్దెక్కే దాకా గుండెల్లో రాయి పెట్టినట్టు ఉంటోంది. "నా వల్లే అందరూ మునిగిపోయినారు. నేను లేకపోతే బాగుపడతారు" అన్నాడు. జులైలో వైట్ స్పాట్ వచ్చి రెండు గుంటలు అర్ధాంతరంగా పట్టేయాల్సి వచ్చిందని తండ్రి చెప్పాడు. థైరాయిడ్, షుగరు, రక్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నష్టం కళ్ల ముందు ఉంది, దిగులు కళ్ల ముందు ఉంది. రెండింటినీ కలిపి తీవ్రమైన డిప్రెషన్ అని రాసుకున్నాను. ఆ మాట తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు.

గతంలో మూడ్ పెరిగిన సందర్భాల కోసం నేను వేసిన ప్రశ్న ఇది: "ఎప్పుడైనా నిద్ర లేకుండా బాగా హుషారుగా ఉన్నావా?" శీను తల అడ్డంగా ఊపాడు. భార్య అంది: "గుంటల కాడ నిద్ర యాడ ఉంటది సార్, కల్చర్ చేసేవాళ్లందరికీ అంతే గదా." అది నిజమే కాబట్టి నేను ముందుకెళ్లిపోయాను. వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అంటే తండ్రికి కోపం వచ్చింది. "మా వంశంలో పిచ్చోళ్లు ఎవురూ లేరు సార్."

డిప్రెషన్ మందు ఎస్సిటలోప్రామ్ ఐదు మిల్లీగ్రాములు మొదలుపెట్టి, వారం తర్వాత పది చేశాను. నిద్రకి రెండు వారాలకే సరిపడా చిన్న డోసు క్లోనజిపామ్ ఇచ్చాను. చావు ఆలోచనలు ఉన్నాయి కాబట్టి మందులు ఒక్కసారి వారానికి మించి ఇవ్వలేదు. అవి భార్య దగ్గరే ఉండాలని, షెడ్డులో ఉన్న కెమికల్స్‌కి తాళం వేసి తాళంచెవి బావమరిది, అంటే భార్య తమ్ముడి దగ్గర ఉంచాలని చెప్పాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు. ఆ కాగితం భార్య దాచుకుంది, తర్వాత పనికొచ్చింది.

మలై కాజా

నాలుగో వారంలో శీను ఒక్కడే వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. చేతిలో నాలుగు కిలోల మలై కాజా. క్లినిక్‌లో ఉన్న ప్రతి మనిషికీ, ఓపీలో కూర్చున్న పేషెంట్లకి కూడా, తానే పంచాడు. "సార్, మీరు దేవుడు" అన్నాడు. ముప్పై శాతం మెరుగు, యాభై శాతం మెరుగు అని వినే వృత్తిలో, ఇరవై ఎనిమిది రోజుల్లో ఇంత మార్పు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. మలై కాజా నేనూ తిన్నాను. అవే మందులు ఇంకో నెలకి రాశాను.

డిప్రెషన్ తగ్గేటప్పుడు ముందు నిద్ర, ఆకలి కుదుటపడతాయి, తర్వాత ఒంట్లో ఓపిక, అన్నింటికన్నా ఆఖర్న ఆశ. మనిషి బురదలోంచి కాలు తీసినట్టు మెల్లగా వస్తాడు. ఇతను ఎగిరి గట్టెక్కాడు. ఆ వేగమే లక్షణం. పెద్దల జబ్బు గురించి ఇంటివాళ్లు దాచిందాన్ని నేను కనిపెట్టలేకపోవచ్చు, కానీ నాలుగు కిలోల మలై కాజా నా బల్ల మీదే ఉంది.

ఆ తర్వాత నెల అతను రాలేదు. ఇంట్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఇంకో పద్నాలుగు ఎకరాలు లీజుకి మాట్లాడి అడ్వాన్సు ఇచ్చాడు. మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడు. ఇరవై ఏరేటర్లకి ఆర్డరు పెట్టాడు. ఊళ్లో గుడికి మండపం కట్టిస్తానని అందరి ముందూ మైకులో చెప్పాడు. అర్ధరాత్రి కమీషన్ ఏజెంట్లకి ఫోన్లు. తండ్రి ఊళ్లో గర్వంగా తిరిగాడు: "మావోడికి మళ్లీ తెలివొచ్చింది." భార్య ఒక్కతే తన తమ్ముడితో, "ఆయన ఇట్లా మాట్లాడే మనిషి కాదు, నాకు భయంగా ఉండాది" అంది. కానీ రెండు నెలలు మంచం దిగని మనిషి లేచి తిరుగుతుంటే, భయమేస్తోందని డాక్టరుకి ఎలా చెప్పుకుంటుంది?

నవంబరు ఆఖర్లో నాలుగు రోజులుగా ముసురు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ మామూలుగానే తగ్గుతుంది. శీను జబ్బుగా ఉన్నప్పుడు భార్య, ఆమె తమ్ముడు కలిసి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన మూడు గుంటలు ఎనభై రోజుల మీద ఉన్నాయి. రాత్రి రెండు గంటలకి శీను లేచి వెళ్లి వరసగా ఏరేటర్లు ఆపేశాడు. పనివాడు అడ్డం వస్తే కొట్టాడు. "మిషన్లు అక్కర్లేదురా, నా ఊపిరి పంపిస్తా వాటికి" అన్నాడట. గట్టు మీద వానలో నిలబడి చేతులు చాపి గట్టిగా ఊపిరి వదులుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి గట్టు వెంబడి రొయ్య తెల్లగా తేలింది.

అడ్మిషన్

ముందు ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకెళ్లారు. మా జిల్లాలో మతంతో పనిలేకుండా, మనసు బాలేని మనిషిని అక్కడికి తీసుకెళ్లి కొన్ని రాత్రులు నిద్ర చేయించడం తరాలుగా ఉన్నదే. నేను దాన్ని తిట్టను. తిడితే వాళ్లు దర్గా మానరు, నా దగ్గరికి రావడం మానేస్తారు. మూడు రాత్రులు అయినా శీను రెప్ప వాల్చలేదు, తిండి తినలేదు, అరిచి అరిచి గొంతు పోయింది. నాలుగో రోజు వ్యాన్‌లో, చేతులు తువ్వాళ్లతో కట్టి, నా దగ్గరికి తెచ్చారు. ముందు కట్లు విప్పించాను.

"నాకేం జబ్బు లేదు, జబ్బంతా మీకే" అంటున్న మనిషిని అడ్మిట్ చెయ్యడానికి 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఒక దారి ఉంది. తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చే స్థితిలో ఉండి, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోలేకపోతే, అతని తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి అడిగిన మీదట, ఇద్దరు విడివిడిగా పరీక్ష చెయ్యాలి. అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. అలా ముప్పై రోజుల దాకా ఉంచుకోవచ్చు, మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. ప్రతినిధిగా సంతకం ఎవరు పెట్టాలన్నదాని మీద మామకీ కోడలికీ మాటలు పెరిగాయి. తండ్రికి ఆసుపత్రి ఇష్టం లేదు, "పేరు చెడిపోద్ది" అన్నాడు. రోజూ పక్కన ఉండి చూసుకునేది ఎవరు అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. భార్య సంతకం పెట్టింది.

ఎస్సిటలోప్రామ్ ఆ రోజే ఆపేశాను. ఉద్రేకం తగ్గించే ఓలాంజపిన్, కొద్దిరోజులు లోరజిపామ్ ఇచ్చాను. ఐదో రాత్రి ఆరు గంటలు నిద్రపోయాడు.

గుంట బుక్కు

ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, ఇది కేవలం నా మందు తెచ్చిపెట్టిన ఉద్రేకమా, లేక మానియా, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ముందునుంచీ ఉందా? మొదటిదైతే మందు ఆపితే చాలు. రెండోదైతే ఏళ్ల తరబడి మందు వాడాలి. ఊహ మీద ఒక మనిషికి జీవితకాలం జబ్బు పేరు పెట్టకూడదు.

భార్యని పాత సంగతులు అడుగుతుంటే, తేదీలు గుర్తులేవంది. కాసేపాగి, "బుక్కుల్లో చూస్తే తెలస్తది సార్" అంది. మర్నాడు మూడేళ్ల గుంట బుక్కులు సంచిలో తెచ్చింది. పొడుగాటి అట్ట రిజిస్టర్లు. రోజుకో వరస: ఎన్నో రోజు, ఎన్ని కిలోల ఫీడు, రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏ మందు చల్లారు. ఓపీ అయ్యాక రెండు సాయంత్రాలు వాటి ముందు కూర్చున్నాను.

మామూలు నెలల్లో శీను దస్తూరి చిన్నగా, గీత దాటకుండా ఉంది. రెండేళ్ల కిందటి మార్చి మధ్యనుంచి అక్షరాలు పెద్దవయ్యాయి. గళ్లు దాటి అంచుల్లోకి పోయాయి. నీలం ఇంకు, ఎర్ర ఇంకు, పచ్చ స్కెచ్ పెన్ను. ఫీడు లెక్క పక్కన హ్యాచరీ కట్టడానికి ప్లాను, దాని కింద వంద కోట్ల లెక్క, ఒక పేజీలో అడ్డంగా 'నేను ఆగను' అని. రాసిన టైములు కూడా వేసుకున్నాడు: రాత్రి 1.10, 2.40, 3.15, 4.00. ఇట్లా ఇరవై నాలుగు రోజులు. ఆ తర్వాత వారం మామూలు దస్తూరి. తర్వాత ఖాళీలు. జూన్ అంతా భార్య గుండ్రటి అక్షరాలు. ఆ జూన్‌లో నష్టం ఏమీ లేదు. ముప్పై కౌంట్‌కి, అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగే సైజులో, పట్టారు, మంచి రేటు వచ్చింది. లాభం వచ్చిన నెలలో మనిషి మంచం మీద ఉన్నాడు.

ఆ తర్వాత చూసింది ఇంకా ముఖ్యం. నా దగ్గరికి తెచ్చిన డిప్రెషన్‌కి కారణం జులై వైట్ స్పాట్ అన్నారు గదా. బుక్కులో భార్య దస్తూరి జూన్ రెండో వారంలోనే మొదలైంది. చెక్ ట్రేలు చూడకుండానే ఫీడు వేసిన రోజులున్నాయి. దిగులు ముందు వచ్చింది, నష్టం తర్వాత. గుంటలు పాడయ్యాయి కాబట్టి మనిషి పాడయ్యాడని మేమంతా అనుకున్నాం. కనీసం సగమైనా అది తిరగేసి ఉందేమో.

మార్చి పేజీలు భార్య ముందు పెట్టి, ఈసారి వేరేగా అడిగాను: "ఈ రోజుల్లో రాత్రిళ్లు నిద్రలేదు, సరే. పగలు పడుకునేవాడా?" ఆమె చాలా సేపు ఆలోచించింది. "లేదు సార్. మా తమ్ముడూ పనోళ్లూ పొద్దున అన్నం తిని షెడ్డులో మంచాలెక్కి పడుకుంటారు. ఈయన పడుకోలే. మోటారు సైకిలేసుకుని ఊళ్లు తిరిగినాడు." నిద్ర పోగొట్టుకున్న మనిషి దొరికిన చోట కునుకు తీస్తాడు. మానియాలో ఉన్న మనిషికి ఆ కునుకుతో పనే ఉండదు. నేను సెప్టెంబరులో అడగాల్సిన ప్రశ్న అది.

మిగతా సగం జేజి చెప్పింది. శీను నాయనమ్మ, ఎనభై దాటిన మనిషి, మనవణ్ణి చూడ్డానికి ఆటోలో వచ్చింది. ఆమెని జబ్బు సంగతి అడగలేదు. "జేజీ, మీ ఇళ్లల్లో ఉన్నట్టుండి ఆస్తి దానం చేసినవాళ్లు, ఇల్లొదిలి పోయినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అన్నాను. "ఉండాడు గదయ్యా, మా పెద్దోడు. కాడెద్దుల్ని దారిన పోయేవోడికి ఇచ్చేసినాడు. ఆరు నెలలు కాళహస్తి పక్క తిరిగొచ్చినాడు. వచ్చినాక యాడాది మాట్లాడలే. దేవుడు పూనినాడనుకున్నాం." పక్కనే ఉన్న తండ్రి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆయన సెప్టెంబరులో అబద్ధం ఆడలేదనే నా నమ్మకం. ఆయన లెక్కలో అన్నకి పిచ్చి లేదు, పూనకం ఉంది.

ఇరవై రెండేళ్లప్పుడు డిగ్రీ ఆపేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. పెద్ద హంగామాతో సెల్‌ఫోన్ షాపు తెరిచి, రెండు నెలల్లో మూసి, ఆరు నెలలు గదిలోంచి రాలేదు. ప్రేమ వ్యవహారం అనుకున్నారు. అంటే జబ్బుకి అప్పటికే పన్నెండేళ్లు. 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం బైపోలార్ ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి చికిత్స అందడం లేదు. మన రాష్ట్రం ఆ పన్నెండింటిలో లేదు. ఉన్నా లెక్క పెద్దగా మారుతుందని నేను అనుకోను. ఈ ఇంట్లో చూడండి, ఒక తరం దేవుడి ఖాతాలో, ఇంకో తరం ప్రేమ ఖాతాలో రాసేశారు.

భార్య సూటిగా అడిగింది: "మీ బిళ్లల వల్ల వచ్చిందా సార్ ఇది?" ముందునుంచీ ఉంది, కానీ ఈసారి ఇంత ఎత్తుకి ఎక్కించింది నేను రాసిన బిళ్లే అయ్యుండొచ్చు అని చెప్పాను. ఆ మాట చెప్పడం తేలిక కాలేదు. చెప్పాకే ఆమె నన్ను నమ్మడం మొదలుపెట్టిందని నాకనిపిస్తుంది. ఇది చదివి ఎవరూ డిప్రెషన్ మందులు ఆపెయ్యొద్దు. బైపోలార్ లేని డిప్రెషన్‌లో అవి ఎంతోమందిని నిలబెట్టాయి. ఉన్నట్టుండి ఆపితే ఇబ్బంది కూడా. ఇక్కడ చెడింది మందు కాదు, మనిషిని చూసిన తీరు.

లిథియం ఎందుకు

మూడ్‌ని నిలబెట్టే మందుల్లో నేను లిథియం ఎంచుకున్నాను. వాల్‌ప్రోయేట్ ఇచ్చుంటే రక్తపరీక్షల తలనొప్పి తక్కువ. కానీ ఇతనికి రెండు వైపులా జబ్బు ఉంది, చావు ఆలోచనలు ఉన్నాయి. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించడంలో లిథియంకి ఉన్నంత ఆధారం వేరే మూడ్ మందుకి లేదు. మానియా, డిప్రెషన్ విడివిడిగా వచ్చి, మధ్యలో మనిషి పూర్తిగా మామూలుగా ఉండే ఇలాంటి జబ్బులో అది బాగా పనిచేస్తుంది కూడా. "కొత్త మందా సార్?" అని భార్య అడిగితే, 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానియాకి వాడి చూపించాడని చెప్పాను. "మా నాయన పుట్టకముందే!" అని నవ్వింది. ఆ ఇంట్లో ఆ నెలలో అదే మొదటి నవ్వు అనుకుంటాను.

కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, థైరాయిడ్, ఈసీజీ చూసి మొదలుపెట్టాం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ప్రకాశం పడమటి పక్క మనుషులైతే ఇంకా జాగ్రత్తపడతాను, ఇతనికి బాగానే ఉన్నాయి. ఆఖరి డోసు వేసుకున్న పన్నెండు గంటలకి తీసిన రక్తంలో లిథియం 0.7 వచ్చింది. 0.6 నుంచి 0.8 మధ్య ఉంటే చాలనుకున్నాను.

చెడినవి

డిశ్చార్జి అయ్యాక రెండు నెలలు బాగా ఉన్నాడు. ఫిబ్రవరి ఆఖర్లో అన్నీ ఆపేశాడు. ఇంటివాళ్లు మొండితనం అన్నారు. అతన్ని అడిగితే వేరే సంగతి తెలిసింది. "బిళ్ల మింగితే రాత్రి రెండింటికి కరెంటు పోయినా లేవలేకపోతున్నా సార్. జనరేటర్ ఎవురేస్తారు? తొమ్మిది కిలోలు పెరిగినా. చేతులు వణుకుతుంటే చెక్ ట్రే ఎత్తినప్పుడల్లా 'పొద్దున్నే ఏసినావా' అంటా ఉండారు." నేను రాసిన చీటీ ఉద్యోగస్తుడికి సరిపోయే చీటీ. గుంటల మనిషి రాత్రి ఏం చేస్తాడో అడక్కుండా నిద్రమందు రాశాను.

ఉగాదికి మళ్లీ దిగులు. ఒక రాత్రి పొద్దుపోయాక భయపడి భార్య 14416కి చేసింది. వాళ్లు చాలాసేపు మాట్లాడి, తెల్లవారగానే నా దగ్గరికి తీసుకెళ్లమన్నారట. ఈసారి యాంటీ డిప్రెసెంట్ జోలికి పోలేదు. లిథియం మళ్లీ మొదలుపెట్టి, దానికి, దిగులు తిరిగి రాకుండా చూసే లామోట్రిజిన్ కలిపాను. దాన్ని ఇరవై అయిదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచాలి, ఒంటి మీద దద్దురు కనిపిస్తే వెంటనే ఆపి రావాలి. ఓలాంజపిన్ మళ్లీ ఇవ్వలేదు.

మందు కంటే కష్టమైంది రాత్రి కాపలా. రాత్రి నిద్ర చెడితే మానియా తిరగబెడుతుంది. అంటే ఇతను గట్టు మీద రాత్రులు ఉండకూడదు. తండ్రి ఒప్పుకోలేదు. "యజమాని గుంట కాడ పడుకోకపోతే అది కల్చరా సార్?" నేను ఏరేటర్లు ఆగిన రాత్రిని గుర్తుచేశాను, మంచి పద్ధతి కాదని తెలిసే చేశాను. చివరికి రాత్రి పదినుంచి ఐదు దాకా బావమరిది, ఐదునుంచి శీను అని కుదిరింది. కరెంటు పోతే మోగే అలారం బావమరిది మంచం దగ్గర పెట్టారు. లీజుకి తీసుకున్న పద్నాలుగు ఎకరాలు ఊరి పెద్దల ద్వారా మాట్లాడి వదిలించుకున్నారు, అడ్వాన్సులో సగం పోయింది. ఇకముందు పెద్ద మొత్తం ఏదైనా భార్య సంతకం లేకుండా తియ్యకుండా బ్యాంకులో ఏర్పాటు. ఆ ఆలోచన శీనుదే, బాగున్న రోజుల్లో తనే చెప్పాడు.

రోహిణి కార్తె

మే ఆఖర్లో పట్టుబడి, అంటే గుంటల్లో రొయ్య పట్టే రోజులు. రెండు రోజులు ఎండలో నిలబడ్డాడు. నడుం పట్టేస్తే ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుని, మూడు రోజులకి బిళ్లలు తెచ్చుకున్నాడు. మూడో రోజు వాంతులు, విరేచనాలు. నాలుగో రోజు మాట ముద్దగా, నడక తూలుతూ, చేతులు గ్లాసు పట్టుకోలేనంత వణుకు. అందరూ వడదెబ్బ అన్నారు. భార్య మాత్రం లిథియం బిళ్ల ఆపేసి ఫోన్ చేసింది. అట్లా ఆపమని డిశ్చార్జి రోజు చెప్పిన మాట ఆమెకి గుర్తుంది.

రక్తంలో లిథియం 1.9 ఉంది, అది విషమయ్యే స్థాయి. క్రియాటినిన్ 1.4. సెలైన్లు పెట్టి ఆసుపత్రిలో ఉంచాం, ఐదు రోజులకి తేరుకున్నాడు. శరీరం లిథియంని ఉప్పులాగే చూస్తుంది. చెమటతో ఉప్పూ నీళ్లూ పోతే కిడ్నీ ఉప్పుని వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియంనీ లాక్కుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పిబిళ్లలు లిథియం బయటికి పోయే దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. నీళ్లు బాగా తాగమని చెప్పాను గానీ నొప్పిబిళ్లల మాట ఇంగ్లీషు కాగితం మీద అచ్చేసి ఇచ్చాను. ఇది రెండో తప్పు.

క్రియాటినిన్ 0.9కి దిగాక, లిథియం వదిలేద్దామా అని ఆలోచించాను. మానియా లేదు, డిప్రెషన్ తగ్గింది, చావు మాట రెండు నెలలుగా లేదు. విషం ఎక్కడిదో తెలిసింది, అది ఆపగలిగిందే. తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టాను. తెలుగులో ఒక కార్డు రాశాను: "నేను లిథియం వాడుతున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. పారాసిటమాల్ ఇవ్వవచ్చు. వాంతులు, విరేచనాలు అయితే లిథియం ఆపి డాక్టరుకి ఫోన్ చెయ్యండి." ఎండాకాలం మజ్జిగలో ఉప్పు మానొద్దని, బీపీ వస్తే మాత్రలు నన్ను అడక్కుండా మొదలుపెట్టొద్దని వెనకవైపు రాశాను. భార్య ఆ కార్డుని జిరాక్స్ తీయించి ఆర్ఎంపీకి కూడా ఇచ్చింది. ఆయన దాన్ని మందుల అలమరా తలుపుకి అంటించాడు. ఇప్పుడు వేరే పేషెంట్ల కోసం కూడా నాకు ఫోన్ చేస్తుంటాడు: "సార్, ఈయన కూడా ఆ బిళ్లే మింగుతా ఉండాడు, నడుం నొప్పికి ఏం ఇయ్యమంటారు?"

ఇప్పుడు డిప్రెషన్‌తో వచ్చిన ప్రతి మనిషినీ, ఇంటివాళ్లని బయట కూర్చోబెట్టి ఒకసారి, లోపలికి పిలిచి ఒకసారి, మంచి రోజుల గురించి అడుగుతాను. అప్పు చేసిన ప్రతి రైతులో మానియా చూడ్డం కూడా జబ్బే, ఆ జబ్బు నాకు కొన్నాళ్లు పట్టుకుంది. అందుకే అంకెలకంటే నిద్రని నమ్ముతాను. వారం పాటు మూడు గంటలు పడుకుని, పగలు కునుకు లేకుండా, అలసట లేకుండా ఉన్నాడా అని.

శీను ఇంట్లో గుంట బుక్కులో ఇప్పుడు కొత్త గడి ఉంది. ఫీడు కిలోల పక్కన 'ని' అని, దాని కింద గంటలు. భార్యే వేస్తుంది. ఏడు, ఏడున్నర, ఆరు, ఏడు. పోయిన పట్టుబడికి ముందు వరసగా మూడు రోజులు నాలుగు, నాలుగు, మూడున్నర అని ఉండి, వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆ మూడో రోజు మధ్యాహ్నం ఆమె నాకు ఫోన్ చేసింది.

"పగలు పడుకున్నాడా అమ్మా?"

"అదే చూస్తా ఉండా సార్. ఇప్పుడే అన్నం తిని షెడ్డులో పడుకున్నాడు. గురక ఫోన్లో వినపడతా ఉందా?"

మందు ఏమీ మార్చలేదు.